ఖాళీ గడిలో ఒక గీత

పోయిన మంగళవారం బెంటన్‌విల్‌లో లంచ్‌కని ఆఫీస్ బయటికొచ్చి కార్‌లో కూర్చుంటుండగా నేను మాస్టర్స్ చదివేటప్పుడు ఉన్న అరోరా ఊరి నుంచి డాక్టర్ ఆంటీ ఫోన్ చేశారు. "సార్ వెళ్ళిపోయారు నాన్నా" అన్నారు. ముందురోజు సాయంత్రం కూడా వాకింగ్‌కి వెళ్ళారట. పొద్దున కాఫీ తాగి, పేపరు ఒళ్ళో పెట్టుకుని, కుర్చీలోనే పోయారు. రోజూ ఆ వేళకి ఫోన్ చేసే కూతురికి జవాబు రాకపోతే, ఆవిడ ఆంటీకి చెప్పి చూసి రమ్మందట. వెళ్ళి చూస్తే టీవీ నడుస్తూనే ఉందట. కళ్ళద్దాలు కూడా జారలేదట.

నాకు మొదట ఏడుపు రాలేదు. హమ్మయ్య అనిపించింది. ఇది చదివి కొందరికి కోపం రావచ్చు. ఆసుపత్రి మంచమన్నా, ముక్కులో గొట్టాలన్నా ఆయనకి ఎంత భయమో తెలిసినవాళ్ళకి కోపం రాదు. ఆ మంచం ఆయనకి తప్పింది. దానికి తోడు నా సొంత ఊరట ఇంకొకటి ఉంది. ఆరేళ్ళ కిందట ఒక శనివారం నా చేతి తప్పు వల్ల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. ఆ రోజు వేరేలా ముగిసి ఉంటే ఆయన గురించి ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు మొహం ఉండేది కాదు. అందుకే ఆ శనివారం గురించే రాస్తున్నాను.

మన సంఘాల సావనీర్లలో చనిపోయినవాళ్ళంతా మహనీయులే అయిపోతారు. అవి చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. సార్ మహనీయుడు కాదు. ముప్పై ఏళ్ళు ఒక టెలిఫోన్ కంపెనీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన ఇంజనీరు. కాస్త పిసినారి, కాస్త మొండి. థర్మోస్టాట్ ఎవరైనా ఒక డిగ్రీ పెంచితే పై అంతస్తులో ఉండి కూడా కనిపెట్టేవారు. నేను మాస్టర్స్ చదువుతున్న రెండేళ్ళూ ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో ఉన్నాను. గుళ్ళో అందరూ ఆయన్ని అంకుల్ అనేవారు. చుట్టం కానివాణ్ణి చుట్టం వరసతో పిలవడం ఫ్యూడల్ అలవాటని ఎక్కడో చదివి, నేను సార్ అనేవాణ్ణి. సార్ ఇంటికి దగ్గర్లోనే ఉండే డాక్టర్ ఆంటీ దగ్గర మాత్రం ఆ సిద్ధాంతం నడవలేదు. ఆంటీ అనకపోతే పప్పుచారు పోయనన్నారు.

నేను వరంగల్ నుంచి రెండు సూట్‌కేసులతో దిగాను. ఒకదాని నిండా పుస్తకాలే. పుస్తకాలంటే పెద్దవేమీ కాదు, మధ్యలో పిన్ను కొట్టిన ముప్పై రెండు పేజీలవి. వాటిలో ఉన్నదంతా నాకు కంఠతా వచ్చు. ఇక్కడికొచ్చాక సాఫ్ట్‌వేర్ ఎవడి సొత్తూ కాకూడదని రాసిన కరపత్రాలు ఇంటర్నెట్‌లో దొరికాయి. యూనివర్సిటీ లైబ్రరీలో ప్రింట్ తీసుకుని అవి కూడా చదివాను. ఒకరి దగ్గర కూర్చుని నేర్చుకున్నది తక్కువ, ఒంటరిగా చదివి ఆవేశపడింది ఎక్కువ. బేస్‌మెంట్ మెట్ల మీద నిలబడి నేను మాట్లాడుతుంటే సార్ బెండకాయలు తరుగుతూ వినేవారు. అన్ని ముక్కలూ ఒకే కొలతలో ఉండేవి. అంతా అయ్యాక, "బాగుందోయ్ కామ్రేడూ. ఆ గరిటె ఇటియ్యి" అనేవారు.

గుడి కింది హాల్లో నెలకోసారి శనివారం ఉచిత వైద్య శిబిరం జరిగేది. ఇన్సూరెన్స్ లేని మనవాళ్ళు చాలామంది వచ్చేవారు. షాపుల్లో పనిచేసేవాళ్ళు, పిల్లల్ని చూడ్డానికొచ్చిన తల్లిదండ్రులు, మాలాంటి స్టూడెంట్లు. దాన్ని నడిపేది డాక్టర్ ఆంటీ. పేషంట్ల వివరాలు అప్పటిదాకా అట్టముక్కల మీద రాసి షూబాక్సుల్లో పెట్టేవారు. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కిద్దాం, ఎక్సెల్‌లో పెడదాం అని ఆంటీ అంటే నేను అడ్డం తిరిగాను. డబ్బు పోసి కొన్న సాఫ్ట్‌వేర్‌లో బీదవాళ్ళ వివరాలు బంధించడమేమిటని హాల్లో అందరి ముందూ గొడవ పెట్టుకున్నాను. మామూలు టెక్స్ట్ ఫైల్‌లో పెడదాం, ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటుంది, ఎవడికీ సలాం కొట్టక్కర్లేదన్నాను. ఆంటీ సార్ వైపు చూశారు. "వాడు చెప్పేదాంట్లో తప్పేం లేదు. అరుపు ఒక్కటే ఎక్కువ" అన్నారు సార్.

అలా ఆ పని నాకు వచ్చింది. ఫైలైతే తయారుచేశాను కానీ తెరిస్తే కళ్ళు తిరిగేవి. ఒక్కో మనిషికి ఒక్కో లైను. పేరు, వయసు, ఫోన్, వాడుతున్న మందులు, పడని మందులు, మధ్య మధ్య నిలువు గీతలు. పేర్లన్నీ ఒకే పొడుగు ఉండవు కాబట్టి ఏ లైనులో ఏది ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదు. పెళ్ళి భోజనాల దగ్గర గుమ్మం ముందు చెప్పుల్లా ఉండేది. అప్పుడే సార్ నన్ను పై అంతస్తులో తన కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు. ల్యాబ్‌లో అలవాటైన రంగులట, ఇంట్లో కూడా మార్చుకోలేదు. కాలమ్ అనే కమాండ్ ఒకటి కొట్టి చూపించారు. గజిబిజిగా ఉన్న ఫైలు కళ్ళముందే ప్రార్థనకి నిలబడ్డ స్కూలు పిల్లల్లా నిలువు వరసల్లోకి వచ్చేసింది.

"ఎలా చేసిందో చెప్పు చూద్దాం" అన్నారు.

నాకు తెలీదు. ఆయన పెన్సిల్‌తో తెర మీద చూపిస్తూ చెప్పారు. అది ముందు ఫైలంతా చదువుతుంది. ఒక్కో వరసలో అన్నిటికంటే పొడుగు మాట ఏదో చూసుకుంటుంది. పొట్టి మాటల పక్కన ఆ మేరకు ఖాళీలు నింపుతుంది. పొడుగువాడికి ఎంత చోటో పొట్టివాడికీ అంతే చోటు.

నేను ఉబ్బిపోయాను. "సమానత్వం అంటే ఇదే సార్" అన్నాను.

"సమానత్వం కాదోయ్, ఖాళీ జాగా" అని నవ్వారు.

తర్వాత రెండు నెలలు ఆదివారాలు ఆయన దగ్గరే గడిచాయి. కమాండ్లు కలిపి ఒక ఫైల్‌లో రాసి పెట్టుకోవడం, అదే షెల్ స్క్రిప్ట్ అంటే, నేర్పారు. పైన శీర్షికలు ఎలా పెట్టాలి, పేజీకి ఎన్ని లైన్లు రావాలి, అంకెల్ని కుడి అంచుకి ఎందుకు జరపాలి, అన్నీ చెప్పారు. ఆయనకి ఒక అలవాటుండేది. ఏ ప్రింట్ ఇచ్చినా మనలా ఎడమ నుంచి కుడికి చదివేవారు కాదు. స్టీలు స్కేలు ఒకటి నిలువుగా పెట్టి, పై నుంచి కిందికి, ఒక్కో కాలమ్ విడిగా చదివేవారు. కిరాణా బిల్లు కూడా అంతే. "అడ్డంగా చదివితే కథలా ఉంటుంది, నమ్మేస్తాం. నిలువుగా చదివితేనే దొంగ దొరుకుతాడు" అనేవారు. ముసలివాళ్ళ చాదస్తమనుకున్నాను.

శిబిరానికి నాలుగు రోజుల ముందు మా ఇద్దరికీ చెడింది. వంటింట్లో కూరగాయలు తరుగుతూ, నేను చూపించిన స్క్రిప్ట్ చూసి, "ఖాళీగా ఉన్న గడిలో ఒక చిన్న గీత పెట్టవోయ్" అన్నారు.

"ఎందుకు సార్?"

"పెట్టు. చెప్తున్నానుగా."

ఆ మాట నాకు పడదు. కారణం చెప్పకుండా చెయ్యమనేవాళ్ళ మీద నా దగ్గర ఒక సూట్‌కేసెడు సాహిత్యం ఉంది మరి. "నేను పెట్ట సార్. ఆ మనిషి ఏం చెప్పలే. మనం గీత పెడితే చెప్పినట్టు అయితది. లేనిదాన్ని ఉన్నట్టు చూపిచ్చుడు కల్తీ" అన్నాను. అక్కడితో ఆగలేదు. మీరు ముప్పై ఏళ్ళు కంపెనీ చెప్పినట్టు చేశారు కాబట్టి అందరూ అట్లనే చెయ్యాలనుకుంటారు అని కూడా అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

సార్ కత్తి కింద పెట్టారు. "సరే. స్క్రిప్ట్ నీది, చెయ్యి నీది" అని పైకి వెళ్ళిపోయారు. నాలుగు రోజులు మా మధ్య మాటల్లేవు. కాఫీ మాత్రం రోజూ మెట్ల మీద పెట్టి ఉండేది. నేను తాగేవాణ్ణి, గ్లాసు కడిగి పెట్టేవాణ్ణి. నా పట్టుదల అంతవరకే.

నాకు అప్పటికి తెలియంది ఒకటుంది. ఆ కమాండ్‌కి ఒక జబ్బు ఉంది. రెండు నిలువు గీతలు పక్కపక్కనే వస్తే, మధ్యలో ఏమీ లేకపోతే, అది ఆ రెండింటినీ ఒకే గీత అనుకుంటుంది. ఖాళీ గడిని మింగేసి, తర్వాతి గడిని ఎడమకి లాగేస్తుంది. అంతకుముందు రెండు నెలల్లో స్టూడెంట్లెవరూ రాలేదు. వచ్చినవాళ్ళందరూ బీపీకో షుగర్‌కో ఏదో ఒకటి వాడేవాళ్ళే కాబట్టి ఆ గడి ఎప్పుడూ నిండి ఉండేది. పడని మందులన్నది ఆఖరి గడి. అది ఖాళీ అయినా దాని వెనక జరగడానికి ఏమీ లేదు. అందుకే రెండు నెలలు నా లిస్టు చక్కగా కనపడింది, నేను రొమ్ము విరుచుకు తిరిగాను.

ఆ శనివారం మంచు బాగా పడింది. హాల్లో తలుపు దగ్గరి టేబుల్ నాది. వచ్చినవాళ్ళ వివరాలు ల్యాప్‌టాప్‌లో ఎక్కించి, అరగంటకోసారి ప్రింట్ తీసి ఆంటీ బల్ల మీద పెట్టడం నా పని. ఉదయం పచ్చళ్ళ షాపులో పనిచేసే ఒకావిడ వచ్చింది. యాభై ఏళ్ళలోపే. నాలుగు రోజులుగా గొంతు నొప్పి, మింగుడు పడటం లేదంది. వాడే మందులేమైనా ఉన్నాయా అంటే ఏమీ లేవంది. పడనివి అడిగితే, "చిన్నప్పుడు పెన్సిలిన్ సూదేస్తే మొహమంతా వాచి ఊపిరాడలేదు బాబూ. ఎవరడిగినా ఇది చెప్పమని మా అమ్మ మరీ మరీ చెప్పింది" అంది. నేను శ్రద్ధగా ఎక్కించాను. వాడుతున్న మందులు, ఖాళీ. పడని మందులు, పెన్సిలిన్.

అక్కడ పెట్టిన ఇడ్లీ తినమంటే వద్దంది. శనివారం ఒంటిపూటట. నేను ఊరుకోవచ్చు కదా. కడుపు మాడ్చుకోవడం ఎవరు ఎవరికి నేర్పిన విద్యో రెండు నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. ఆవిడ ఓపిగ్గా విని, "మా తమ్ముడూ నీ వయసులో ఇట్లాగే మాట్లాడేవాడు బాబూ" అని నవ్వి లైనులో కూర్చుంది.

హాలు ఆ చివర ఆంటీ బల్ల దగ్గర ఏం జరిగిందో తర్వాత ఆవిడే చెప్పారు. కాయితంలో ఆవిడ పేరు ఎదురుగా, వాడుతున్న మందుల కింద, పెన్సిలిన్ అని ఉంది. పడని మందుల కింద ఏమీ లేదు. "ఇక్కడ పెన్సిలిన్ అని రాసుందమ్మా, అవునా?" అని అడిగారట. "అవునండీ, ఆ బాబుకి చెప్పి రాయించాను" అందట ఆవిడ. రాయించుకున్నది డాక్టర్‌గారి దాకా చేరిందని ఆవిడ ధీమా. ఇదివరకే ఆ మందు కొన్నాళ్ళు వాడి సగంలో మానేసి ఉంటుందని ఆంటీ ఊహ. వెనక ఇరవై మంది దగ్గుతూ కూర్చున్నారు. ఆంటీ అదే జాతి మందు వారానికి సరిపడా చేతిలో పెట్టి పంపించారు. సాయంత్రం నుంచి వాడమన్నారా, వెంటనే వేసుకోమన్నారా అన్నది ఆంటీకే తర్వాత గుర్తు రాలేదు.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక సార్ వచ్చారు. నాతో మాట్లాడకుండా నేరుగా ఆంటీ బల్ల దగ్గరికి వెళ్ళి, ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని, కాయితాలు ముందేసుకున్నారు. జేబులోంచి స్కేలు తీశారు. నేను ఓరకంట చూస్తూనే ఉన్నాను. పేర్లు, వయసులు, ఫోన్లు దిగారు. నాలుగో కాలమ్ సగంలో స్కేలు ఆగిపోయింది.

"ఇటు రావోయ్" అన్నారు. నాలుగు రోజుల తర్వాత అదే మొదటి మాట. "బీపీ, షుగరు, థైరాయిడు, బీపీ, పెన్సిలిన్. రోజూ పెన్సిలిన్ వాడేవాళ్ళెవరోయ్?"

నేను చూశాను. పక్క గడి చూశాను. ఖాళీ. అది ఉండాల్సిన చోటు ఇది కాదు సార్, పక్కది, అన్నాను. ఆంటీ కాయితం లాక్కుని చూశారు. ఆవిడ మొహం అలా పాలిపోవడం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. ఫోన్ తీసి ఆ నంబరుకి చేశారు. అది షాపు నంబరు. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. మళ్ళీ చేశారు. ఆ పచ్చళ్ళ షాపావిడ వెళ్ళి రెండు గంటలైంది.

"మీరిద్దరూ వెళ్ళండి. వేసుకుని ఉంటే, ఊపిరాడకపోయినా, మొహం వాచినా, నాకు కాదు, నైన్ వన్ వన్‌కి చెయ్యండి. నేను ఇక్కణ్ణుంచి చేస్తూనే ఉంటాను" అన్నారు ఆంటీ.

సార్ అప్పటికే తలుపు దగ్గరున్నారు. ఎప్పుడూ నెమ్మదిగా, ఒక్కో మెట్టూ లెక్కపెట్టినట్టు ఎక్కే మనిషి, రెండేసి మెట్లు ఎక్కారు. గుడి కాబట్టి షూస్ అటుపక్క గదిలో ఉన్నాయి. అటు వెళ్ళనే లేదు. సాక్సులతోనే మంచులోకి దిగి కారు వైపు పరిగెత్తారు. నేనూ అంతే. రోడ్డు మీద ఉప్పు చల్లారు కానీ ఇంకా జారుతూనే ఉంది. పదిహేను నిమిషాల దారి. నేను షాపుకి ఫోన్ చేస్తూనే ఉన్నాను, ఎంగేజ్ వస్తోంది. ఆంటీ కూడా చేస్తున్నారేమో అన్నది నాకు తట్టలేదు. ఏదో చెప్పబోయాను. నన్ను పోలీసులకి అప్పజెప్పండి అన్నానో, ఈ దేశం వదిలిపోతానన్నానో, అలాంటిదేదో.

"నోరు ముయ్" అన్నారు సార్. కొంచెం దూరం పోయాక, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా అన్నారు. "గీత పెట్టమన్నాను గానీ ఎందుకో చెప్పలేదు. నువ్వు ఎగిరావని నాకు పౌరుషం వచ్చింది. నీలాంటివాడికి కారణం చెప్పకపోతే చెయ్యడని నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. అది నా తప్పు."

అంత పెద్దమనిషి తప్పు నాది అనడం నా జీవితంలో అదే మొదటిసారి వినడం. మా ఇంట్లో మగాళ్ళు ఆ మాట అనరు. నా పుస్తకాల్లో వ్యవస్థ తప్పు చేస్తుంది, వర్గం తప్పు చేస్తుంది. నేను తప్పు చేశానని ఎవరూ రాయగా చదవలేదు.

షాపులో కౌంటర్ దగ్గర ఎవరూ లేరు. ఫోన్ దానంతటది మోగుతోంది; దాన్ని ఎత్తడం ఓనరు పని, ఆయన బయటికెళ్ళాడట. వెనక గదిలోకి దూసుకుపోయాం. ఆవిడ ఎదురుగా మామిడికాయ ముక్కల డబ్బాలకి లేబుళ్ళు అంటిస్తూ కూర్చుని ఉంది. మొహం మామూలుగానే ఉంది. మందు వేసుకున్నారా అని సార్ అడిగారు. ఆయన అడిగిన తీరుకి ఆవిడ భయపడి లేచి నిలబడింది.

"లేదండీ. పొద్దు గూకాక ఫలారం తిని వేసుకుందామని. ఒట్టి కడుపున ఎట్లా వేసుకునేది? శనోరం కదండీ."

మందు పొట్లం దేవుడి క్యాలెండర్ కింద, అగరుబత్తి స్టాండు పక్కన పెట్టి ఉంది. మడత కూడా విప్పలేదు.

సార్ పక్కనున్న బియ్యం బస్తా మీద కూలబడిపోయారు. నేను ఆ పొట్లం తీసి జేబులో పెట్టుకుని, జరిగిందంతా చెప్పాను. మీరు సరిగ్గానే చెప్పారు, నేను సరిగ్గానే రాశాను, కాయితంలో వేరే గడిలో పడింది, తప్పు నా స్క్రిప్ట్‌ది, అన్నాను. అని ఆగి, స్క్రిప్ట్‌ది కాదు, నాది, అన్నాను. ఆవిడకి స్క్రిప్ట్ అంటే ఏమిటో తెలీదు. మొత్తం విని, కాళ్ళ వైపు చూసింది.

"పెద్దాయన్ని చెప్పుల్లేకుండా మంచులో తిప్పుతావా బాబూ? నీకు బుద్ధుందా?" అని తిట్టింది. మందు గురించి ఒక్క మాట లేదు. ఆవిడ నన్ను తిట్టింది దానికే. ఆంటీకి ఫోన్ చేసి అంతా బాగానే ఉందని చెప్పాను. అవతల ఆంటీ ఫోన్ పక్కన పెట్టి ముక్కు చీదుకోవడం వినపడింది. తర్వాత లైన్‌లోకి వచ్చి, ఇంకో రకం మందు పేరు చెప్పి, సాయంత్రం తానే తీసుకొస్తానన్నారు. ఆవిడ మా ఇద్దరికీ అల్లం టీ పెట్టింది. తను తాగలేదు.

ఆ రాత్రి నేను ఒక లేఖ రాశాను. ఈ బాధ్యతకి తగను, తప్పుకుంటున్నాను, ఇందులోని నైతిక ప్రశ్నలు ఇవీ అని మూడు పేజీలు. పొద్దున సార్ అది నిలబడే చదివి నా చేతిలో పెట్టారు. "రాజీనామా ఇంత పొడుగ్గా రాశావు, స్క్రిప్ట్ అంత పొట్టిగా రాశావు. రెండూ తిరగెయ్యి" అన్నారు. పై అంతస్తులో పక్కన కూర్చోబెట్టుకుని, ఈసారి ఎందుకో చెప్తూ చేయించారు. రెండు నిలువు గీతలు కలిసి ఉన్నచోట మధ్యలో చిన్న అడ్డగీత పెట్టే లైను ఒకటి. దాన్ని ఒక్కసారి నడిపితే చాలదు. మూడు గీతలు వరసగా ఉంటే మొదటి ఖాళీ నిండుతుంది, రెండోది తప్పించుకుంటుంది. అందుకని అదే లైను రెండుసార్లు.

"ఏమీ లేనివాడికి ఇది కుర్చీ వెయ్యదోయ్. మనమే వెయ్యాలి. లేకపోతే పక్కవాడొచ్చి కూర్చుంటాడు" అన్నారు.

నేను ఇంతకాలం చదివినదాంట్లో ఈ మాట ఎందుకు లేదా అనుకున్నాను. ఉండే ఉంటుంది. కారణంతో సహా పక్కన కూర్చుని చెప్పినవాళ్ళు లేరు.

ఆంటీ నన్ను పంపించెయ్యలేదు. రెండు షరతులు పెట్టారు. పడని మందులు ఎర్ర పెన్నుతో చేత్తో కూడా రాయాలి. కాయితంలో ఏమున్నా డాక్టర్ మళ్ళీ నోటితో అడగాలి, పేషంట్ తన మాటల్లో చెప్పాలి. రెండోది తనకి తాను పెట్టుకున్నదని చెప్పారు. ఆ స్క్రిప్ట్ ఇంకా నడుస్తోందట. ఇక్కడ నా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ళకి నేను కూడా ఖాళీ గడిలో గీత పెట్టమనే చెప్తాను. ముందు ఎందుకో చెప్తాను, తర్వాత పెట్టమంటాను. కోపం నాకు ఏమీ తగ్గలేదు. మొన్న కూడా ఒక మీటింగ్‌లో బల్ల గుద్దాను. కానీ కోపంలో ఉన్నప్పుడు ఎదుటివాడు చెప్పకుండా ఆపేసిన మాట ఏమై ఉంటుందా అని ఒక్క క్షణం ఆగడం మాత్రం అలవాటైంది. ఆయన నాకిచ్చింది అది. నెలకోసారి ఫోన్‌లో మాట్లాడుకునేవాళ్ళం. కృతజ్ఞతలని నేను ఎప్పుడూ అనలేదు, ఆయన అననిచ్చేవారూ కాదు. ఆ మాట మిగిలిపోయిందన్న దిగులు నాకు లేదు. ఆయనకి తెలుసు.

అంత్యక్రియలకి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. పది గంటల దారి. దారంతా ఆయన గురించి ఆలోచిద్దామనుకుంటే ఒక్క దృశ్యమే వచ్చింది. షాపు నుంచి గుడికి తిరిగొస్తున్నాం. సార్ తడిసిన సాక్సులు విప్పి, పిండి, కారు హీటర్ గాలి వచ్చేచోట రెండూ ఆరేశారు. ఒట్టి కాలితో డ్రైవ్ చేస్తున్నారు. సాక్సుల్లోంచి ఆవిరి లేచి అద్దమంతా మసకేసింది. ఎర్ర లైటు దగ్గర ఆగాం. ఆయన చేత్తో అద్దం మీద ఒక చిన్న కిటికీ తుడుచుకుని, తన పాదం వైపు చూసుకున్నారు. వేళ్ళు ఎర్రగా కంది ఉన్నాయి. వాటిని ఒకసారి ఆడించి, నవ్వడం మొదలుపెట్టారు. ముందు లోపల్లోపల, తర్వాత భుజాలు కదిలేలా, తర్వాత కళ్ళమ్మట నీళ్ళు కారేలా. నేనూ ఆపుకోలేకపోయాను. లైటు ఆకుపచ్చకి మారింది. వెనకవాడు హారన్ కొట్టాడు. సార్ స్టీరింగ్ మీద నుదురు ఆనించి ఇంకా నవ్వుతూనే ఉన్నారు, కారు కదల్లేదు.